మల్లవరానికి ఎగువన: గుండ్లకమ్మ ఉపనదులు – మిరప, ప్రత్తి సేద్యం

గుండ్లకమ్మ నదిని గురించిన చర్చ కొన్నేళ్ళుగా మల్లవరం గేట్ల వద్దనే ఆగిపోతున్నది. 2022 ఆగస్టు ఆఖరున కందుల ఓబులరెడ్డి గుండ్లకమ్మ జలాశయపు మూడవ గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెంబడే రెండవ గేటు కూడా పోయింది. నిల్వ ఉన్న నీరు సముద్రం పాలైంది. గేట్ల నిర్వహణపై వచ్చిన విమర్శ న్యాయమైనదే; దానిని ఎవరూ కాదనరు. అయితే జలాశయంలో చేరిన తరువాత పోయిన నీటికి ఇంతగా లెక్క అడిగిన వారెవరూ, జలాశయానికి చేరకముందే తరిగిపోతున్న నీటికి లెక్క అడగకపోవడం ఆశ్చర్యకరం. గేటు తెగితే శబ్దం అవుతుంది, వార్త అవుతుంది. వాగు సన్నబడితే శబ్దం ఉండదు.

చిన్న గణితంతో విషయం స్పష్టమవుతుంది. జలాశయపు పూర్తి నిల్వ సామర్థ్యం 3.859 టీఎంసీలు. ఆయకట్టు సుమారు 80 వేల ఎకరాలు. ఒంగోలు పట్టణానికీ, పరిసర గ్రామాలకూ త్రాగునీరు అందించే బాధ్యత దీనికి అదనం. జలాశయం ఒక్కసారి నిండితే, త్రాగునీటినీ ఆవిరి నష్టాన్నీ పక్కన పెట్టి, ఒక్క చుక్క కూడా వృథా కాకుండా ఆ నీటిని ఆయకట్టు అంతటా సమంగా పరచగలిగినా, పొలంలో నిలిచేది దాదాపు 34 సెంటీమీటర్ల నీరు మాత్రమే. మిరపకు పంటకాలం మొత్తం మీద 60 నుండి 90 సెంటీమీటర్ల నీరు అవసరం. వాన అందులో కొంత భాగం తీరుస్తుంది. నల్లరేగడి తన పొరలలో దాచుకున్న తేమ మరికొంత తీరుస్తుంది. మిగిలినదానికి జలాశయం ఒకమారు నిండి ఊరుకుంటే చాలదు. వానాకాలం పొడుగునా, ఆ తరువాత కూడా, పైనున్న ఉపనదులు కొద్దికొద్దిగా అందిస్తూ ఉండవలెను. కనుక మల్లవరం ఆయకట్టు రైతు భవిష్యత్తు మల్లవరంలో లేదు. అది దానికి ఎగువన, ఎవరి ఖాతాలోనూ లేని వాగులలో ఉన్నది.

గుండ్లకమ్మ నల్లమల అడవులలో గుండ్లబ్రహ్మేశ్వరం ప్రాంతాన పుట్టింది. బ్రహ్మకుండి అనే ప్రాచీన నామం ఆ పుట్టుక వల్లనే వచ్చిందని చెబుతారు. నల్లమలలో పుట్టిన నదులన్నిటిలోనూ ఇదే పెద్దది. కొండలలో ఉండగానే అనేక సెలయేళ్ళు దీనిలో కలుస్తాయి. జంపలేరు అనే ఏరు కూడా తోడై, కంభం వద్ద రెండు కొండల నడిమి సందులోనుండి మైదానంలోకి దిగవలసిన చోట విజయనగర కాలంలోనే ఆనకట్ట వేశారు. దానిని కట్టించినది వరదరాజమ్మ అని ప్రసిద్ధి. 57 అడుగుల ఎత్తు, సుమారు వేయి అడుగుల పొడవు గల ఈ కట్ట వెనుక ఏర్పడినదే కంభం చెరువు. దీని పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళు, ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.

ఈ చెరువు గొప్పతనాన్ని కట్ట పొడవుతో కొలవడం సరికాదు. దానికోసం ఎంచుకున్న చోటు గొప్పది. తక్కువ కట్టతో ఎక్కువ నీరు నిలిచే ఇరుకు సందును, దాని వెనుక అడవి కప్పిన పరీవాహక ప్రాంతాన్ని, ముందు సాగుకు అనువైన భూమిని ఒకే చూపులో చూసినవారు దీనిని కట్టారు. నదిని ముక్కలుగా కాక మొత్తంగా చూసే దృష్టి అప్పటికే ఉన్నది. లెక్కకోసం ఒక్క విషయం గమనించవచ్చును. ఆ 430 చదరపు మైళ్ళ నుండి ఒక్క సెంటీమీటరు వాన నీరు పారి వస్తే 0.4 టీఎంసీ దాకా అవుతుంది. పది సెంటీమీటర్లు పారితే దాదాపు మల్లవరం జలాశయమంత నీరు. పరీవాహక ప్రాంతంలో సెంటీమీటరు అనేది ఎంత పెద్ద మాటో దీనిని బట్టి తెలుస్తుంది.

కంభం దాటిన తరువాత నది సూటిగా సముద్రానికి పోదు. మార్కాపురం సీమ మీదుగా ఈశాన్యానికి సాగి, వినుకొండ పొలిమేరల దాకా వెళ్ళి, అక్కడ నుండి విల్లువలె వంగి ఆగ్నేయానికి తిరుగుతుంది. మరికొంత ఉత్తరానికి జరిగి ఉంటే కృష్ణకు ఉపనది అయ్యేది; ఆ కొద్దిపాటి మిట్ట అడ్డుపడి దానిని స్వతంత్ర నదిగా నిలిపింది. వినుకొండ దగ్గర రైలు మార్గం నదిని దాటే తావున ఒక స్టేషనుకు నది పేరే పెట్టారు. వంపు తిరిగిన నది అద్దంకి పక్కగా మల్లవరం చేరి, ఒంగోలుకు తూర్పున బంగాళాఖాతంలో కలుస్తుంది. 200 కిలోమీటర్లకు పైబడిన ఈ ప్రయాణంలో అడవి, పలుగురాతి చెలకలు, ఎర్రనేలలు, నల్లరేగడి, చివరకు తీరపు ఇసుక భూములు వరుసగా వస్తాయి. ఒక చిన్న నదికి ఇంత వైవిధ్యం అరుదు.

ఉపనదులు కూడా ఈ వైవిధ్యాన్ని బట్టి రెండు జాతులుగా కనబడతాయి. దోర్నాల వైపు కొండల నుండి దిగే తీగలేరు, దువ్వలేరు వంటివి మొదటి జాతి. వాన పడినప్పుడు ఉరికి వస్తాయి, వాన వెలిసిన కొద్ది దినాలకే ఇసుక మిగిల్చి అణగిపోతాయి. అయితే ఆ ఇసుకలోనే వాటి బలం ఉన్నది. పైకి ఎండినట్లు కనిపించే వాగులో చెలమ తవ్వితే నీరు ఊరుతుంది. గట్టునున్న బావికి ఊట అందుతుంది. దర్శి వైపు నుండి వచ్చే చిలకలేరు, దోర్నపువాగు వంటివి రెండవ జాతి. ఇవి ప్రధానంగా మెట్ట రేగడి భూముల మురుగును మోసుకొస్తాయి. వీటిలో ఇసుక తక్కువ, ఒండ్రు ఎక్కువ. ప్రత్తి, మిరప సాగు దట్టంగా అల్లుకున్నది ఈ రెండవ జాతి వాగుల చుట్టూనే. వినుకొండ, అద్దంకి ప్రాంతాలలో పేరు కూడా నాలుగు ఊళ్ళు దాటని వాగులు ఇంకెన్నో ఉన్నాయి.

1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత ఈ రెండవ జాతి వాగుల స్వభావమే మారిపోయింది. కుడి కాలువ, దాని నుండి చీలిన అద్దంకి, దర్శి, ఒంగోలు బ్రాంచి కాలువలు గుండ్లకమ్మ ఉపనదులను అడ్డంగా దాటుకుంటూ పోతాయి. కాలువ గట్ల నుండి ఊటగానూ, ఆయకట్టు పొలాల నుండి మురుగుగానూ జారిన నీరు వాగులలో చేరసాగింది. పూర్వం సంక్రాంతికి ముందే ఎండిపోయే వాగులు ఫాల్గుణం దాకా పారడం మొదలైంది. ఆ విధంగా కృష్ణ నీరు గుండ్లకమ్మలోకి దొడ్డిదారిన ప్రవేశించింది. కాలువ కింద ఆరుతడి పంటలకు నిర్ణయించిన భూములకు హక్కు ఉన్నది. వాగు పక్కనున్న మెట్ట భూములకు ఏ హక్కూ లేదు. కాని నీరు అక్కడా కనబడుతున్నది. రైతు ఇంజను దించాడు.

ఇందులో రైతును తప్పుపట్టవలసినది లేదు. ఎకరం మిరపకు పెట్టుబడి లక్ష రూపాయలు ఎప్పుడో దాటింది. సాగుచేసే వారిలో కౌలుదారులు అధికం. పూత, పిందె దశలో ఒక్క తడి తప్పితే దిగుబడి తరిగిపోతుంది. అట్టి స్థితిలో పొలానికి పక్కనే వాగు పారుతుంటే అందులో పైపు వేయని రైతు ఉండడు. ఒక ఇంజను సెకనుకు 10 లీటర్ల చొప్పున 8 గంటలు నడిస్తే 288 ఘనపు మీటర్ల నీరు తోడుతుంది. అది ఎకరానికి 7 సెంటీమీటర్ల తడి. వేయి ఇంజన్లు ముప్పై దినాలు ఇదే విధంగా నడిచాయని అనుకుంటే 86 లక్షల ఘనపు మీటర్లు, అనగా 0.3 టీఎంసీ. గుండ్లకమ్మ ఉపనదుల పొడవునా ఎన్ని ఇంజన్లు ఉన్నవో చెప్పగల రికార్డు ఉండవలెను. అది లేకుండా మల్లవరానికి ఎంత నీరు రావాలని అంచనా కట్టినా ఆ అంచనాకు పునాది ఉండదు.

ఈ నీటికి మరొక చిక్కు ఉన్నది. కృష్ణలో నీరున్నంత కాలమే వాగులో నీరుంటుంది. 2002–04 మధ్య సాగర్ ఎండినప్పుడు, తిరిగి 2015–16లో కాలువకు నీరు కరువైనప్పుడు, ఆయకట్టు రైతుతో పాటు వాగు రైతు కూడా నష్టపోయాడు. ఆయకట్టు రైతుకు కనీసం నీరు రాదన్న ప్రకటన ముందుగా అందుతుంది; ఆరుతడి పంటలు వేసుకోవాలనో, వేయవద్దనో సూచన వెలువడుతుంది. వాగు రైతుకు అటువంటి సూచన ఇచ్చేవారు లేరు. నారు పోసి, తోట నాటి, రెండు దఫాలు ఎరువు వేసిన తరువాత వాగు ఆగిపోవడం ద్వారానే అతనికి సంగతి తెలుస్తుంది.

నీటి పరిమాణం ఒక ఎత్తు కాగా, పొలం నుండి వాగులోకి పోయేది మరొక ఎత్తు. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చి ఉంటుంది. తొలకరి వానలు ఆ నెర్రెలగుండా లోతుకు దిగుతాయి. మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్న తరువాత నీరు ఇంకే వేగం గంటకు కొద్ది మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఆ పైన కురిసే గట్టి వాన అంతా పారుడే. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో ఈ ప్రాంతంలో పడే వానలు అటువంటివి. ప్రత్తి సాళ్ళు వాలుకు అడ్డంగా ఉంటే నీరు నెమ్మదిగా కదులుతుంది, మట్టి నిలుస్తుంది. వాలు వెంట ఉంటే ప్రతి సాలూ ఒక కాలువే. ట్రాక్టరు తిరగడానికి వీలుగా పొలం పొడుగు వెంట సాళ్ళు తోలడం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. పొలం పొడుగు ఏ వాలున ఉన్నదో ఎవరూ చూడడం లేదు.

మిరప రైతుకు మరొక భయం ఉన్నది. వేరు వద్ద నీరు రెండు రోజులు నిలిచినా తోట వడలుతుంది, ఎండు తెగులూ వేరుకుళ్ళూ వ్యాపిస్తాయి. అందువల్ల మురుగు త్వరగా దిగిపోవాలని అతడు కోరతాడు. అది శాస్త్రసమ్మతమైన కోరికే. బోదెలు ఎత్తి నాటడం, మడి చుట్టూ మురుగుకాలువ తీయడం పరిశోధన కేంద్రాలు కూడా సిఫారసు చేసినవే. అయితే ఒక్కొక్క పొలానికి మేలైన ఆ సిఫారసును వాగు పరీవాహకం మొత్తానికి వర్తింపజేస్తే ఏమవుతుందో ఆలోచించవలసి ఉన్నది. వంద పొలాల మురుగు ఒకే గంటలో వాగులోకి దిగితే వాగు పొంగుతుంది. ఆ పొంగు దిగువ పొలాన్ని ముంచుతుంది. మూడు దినాల తరువాత అదే వాగు సన్నబడిపోతుంది. దిగువ రైతు అప్పుడు వాగును ఇంకా లోతుగా, సూటిగా తవ్వించమని అడుగుతాడు. సూటిగా తవ్విన వాగు మరింత వేగంగా ఖాళీ అవుతుంది. ఎగువన ఒక సెంటీమీటరు నీటిని పొలాలలోనో, వాగు గట్టు పక్కనున్న గుంటలలోనో ఆపగలిగితే ఈ గొలుసు తెగుతుంది.

అటువంటి తావులు పూర్వం ఉండేవి. వాగు పోరంబోకు అనేది రెవెన్యూ రికార్డులో ఒక గీత కాదు. వరద కాసేపు నిలిచి ఒండ్రు దింపుకునే చోటు, పశువులకు మేత దొరికే చోటు. ఒంగోలు జాతి పశువులు గుండ్లకమ్మ, మూసీ నదుల నడిమి సీమలో వృద్ధిలోకి రావడానికి ఈ ఏటి గట్ల పచ్చిక ఒక కారణం. ఆ జాతి బ్రెజిల్ దేశంలో కోట్లలో విస్తరించింది. అది పుట్టిన ఏటి గట్టున మాత్రం మేత కరువైంది. గట్టు అంచుదాకా దున్ని ప్రత్తి వేసిన పొలాలు ఇప్పుడు చాలా చోట్ల కనబడతాయి. దున్నకుండా మిగిలిన చోట సర్కారుతుమ్మ, వాగు గర్భంలో జమ్ము, తూటుకాడ నిండిపోయాయి. జమ్ముకు బలం ఎక్కడిదని ప్రశ్నించుకుంటే సమాధానం పొలంలోనే దొరుకుతుంది. మిరపకు మోతాదు మించి వేసిన నత్రజని, భాస్వరం పారుడు నీటితో వాగులోకే చేరుతున్నాయి. స్ప్రేయర్లు కడిగేదీ అక్కడే.

నీటికీ పురుగుకూ ఉన్న సంబంధం గురించి సేద్య శాస్త్రవేత్తలు ఇంకా గట్టిగా చెప్పవలసి ఉన్నది. ప్రత్తిలో గులాబీరంగు కాయతొలుచు పురుగును అదుపులో ఉంచడానికి పంటను డిసెంబరు చివరకో, జనవరి మొదటికో ముగించి, మోళ్ళు తీసివేయాలని ఏటా సలహా ఇస్తున్నారు. కాని వాగులో నీరున్న చోట రైతు ఇంకొక తడి ఇచ్చి, ఇంకొక కోత కోసం చూస్తాడు. పురుగుకు ఇంకొక తరం దొరుకుతుంది. మిరపలో 2021–22 నుండి విజృంభించిన నల్ల తామరపురుగు విషయమూ ఇంతే. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం మండలాలలో పూత రాలి, తోటలు దున్నివేసిన సంగతి అందరికీ తెలిసినదే. ఏప్రిల్, మే నెలల దాకా తడి అందే తోటలు పురుగు ఒక కాలం నుండి మరొక కాలానికి దాటడానికి వంతెనలవుతున్నాయి. పంట ముగించమన్న సలహాను నీటి నుండి విడదీసి ఇచ్చినంత కాలం అది కరపత్రంలోనే ఉండిపోతుంది. వాగులో నీరు ఎప్పటి వరకు, ఎవరికి అనే నిర్ణయం జరిగితే పంట ఎప్పుడు ముగియాలన్నది కూడా దానితోనే తేలుతుంది.

ఇక ఆ నిర్ణయం చేసేదెవరు? ఇక్కడ పాలన హద్దులకూ నది హద్దులకూ పొత్తు లేదు. 1970లో కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా, తరువాతి ప్రకాశం జిల్లా, ఏర్పడినప్పుడు ఈ నదిలో అధిక భాగం తొలిసారిగా ఒకే జిల్లా కిందికి వచ్చింది. అది ఒక అవకాశం, వినియోగం కాలేదు. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనతో వినుకొండ పల్నాడుకూ, అద్దంకి బాపట్లకూ వెళ్ళాయి. హద్దులు ఎన్నిమార్లు మారినా వాగుకు మాత్రం జిల్లా దొరకలేదు. వ్యవసాయ వాతావరణ మండలాల విభజనలోనూ అంతే. నది పైభాగం అల్పవర్షపాత మండలంలో, కింది భాగం కృష్ణా మండలంలో ఉన్నాయి. పైభాగంలో కురిసిన వాన కింది భాగపు పంటను నిర్ణయిస్తుండగా, సిఫారసులు మాత్రం వేర్వేరు సమావేశాలలో తయారవుతున్నాయి.

చట్టాలు లేవని కాదు. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం కాలువ రైతుకు నీటి వినియోగదారుల సంఘాన్ని ఇచ్చింది. వాగు నుండి సొంత ఇంజనుతో తోడుకునే రైతు అందులో సభ్యుడు కాడు. 2002 నాటి వాల్టా చట్టం భూగర్భ జలాన్నీ, చెట్టునూ, ఇసుకనూ కాపాడడానికి వచ్చింది. చిన్న వాగులలో ఇసుక స్థానిక అవసరాలకు మించి తీయరాదన్న నియమం ఆ చట్టం కిందనే ఉన్నది. తీగలేరు జాతి వాగులకు ఇసుకే జలాశయమని ముందే చెప్పుకున్నందున, ఇసుక తీయడమంటే జలాశయపు గేటు తీసివేయడంతో సమానమని గ్రహించాలి. మల్లవరం గేటు పోయినప్పుడు అడిగినంత గట్టిగా ఈ ఇసుకను గురించి కూడా అడగడం సమంజసం.

ఇటువంటి పని ఎన్నడూ జరగలేదని నిరాశపడవలసిన పని లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో రైతుల భాగస్వామ్యంతో భూగర్భ జలాల యాజమాన్య పథకం నడిచింది. ప్రకాశం అందులో ఒకటి. ఆ పథకం ఊరినీ మండలాన్నీ విడిచిపెట్టి, ఒకే వాగులోకి నీరు పారే ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకున్నది. రైతులే వర్షమాపకం చూశారు, బావులలో నీటి మట్టం కొలిచారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క వేశారు. ఎవరినీ ఫలానా పంట వేయవద్దని శాసించలేదు. లెక్క గోడమీద కనబడినప్పుడు చాలామంది తమంతట తామే విస్తీర్ణం తగ్గించుకున్నారు, పంట మార్చుకున్నారు. నీటి గురించి రైతుకు చెప్పడం కంటే రైతు చేత కొలిపించడం ఎక్కువ ఫలితమిస్తుందని ఆ పథకం నిరూపించింది. బావులకు పనికివచ్చిన ఆ పద్ధతి ప్రత్తి, మిరప మైదానపు వాగులకు ఎందుకు పనికిరాదు?

లెక్కించని నీరు ఎంత ముప్పు తెస్తుందో ప్రత్తి పండించే మరొక దేశపు అనుభవం చెబుతుంది. ఆస్ట్రేలియాలోని ముర్రే–డార్లింగ్ నదీ పరీవాహకంలో 1995లో నీటి మళ్ళింపులకు పరిమితి విధించారు. నది నుండి పంపులతో తోడే నీటికి లెక్క కుదిరింది. వరద వచ్చినప్పుడు పొలాలు పట్టుకుని దాచుకునే నీటికి మాత్రం లైసెన్సుల విధానం న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో ఇటీవలి సంవత్సరాల దాకా అమలులోకి రాలేదు. ఆ మధ్యకాలమంతా ఎగువ ప్రత్తి రైతుకూ దిగువ ఊళ్ళకూ తగవులే. అక్కడి కమతాలు వేల ఎకరాలవి, ఇక్కడివి రెండు మూడు ఎకరాలవి. పోలిక అంతవరకే.

బయటి నదుల నీరు రానున్నప్పుడు ఈ చిన్న వాగుల లెక్క ఎందుకన్న వాదన ఒకటి ఉన్నది. వెలిగొండ పథకం శ్రీశైలం నుండి కృష్ణ నీటిని సొరంగాల ద్వారా నల్లమల సాగర్‌కు తెచ్చి మార్కాపురం ప్రాంతపు మెట్టను తడపడానికి ఉద్దేశించినది. గోదావరి నీటిని సాగర్ కుడి కాలువ ఆయకట్టుకు చేర్చే ప్రతిపాదనలు కూడా ఉన్నాయి. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు నీరు త్రాగుతూ వచ్చిన ఊళ్ళకు ఈ నీరు ప్రాణావసరం. దానిని వ్యతిరేకించడం అన్యాయం. కాని పైనుండి నీరు వచ్చిన కొద్దీ వాగుల లెక్క అనవసరం కాదు, మరింత అవసరం అవుతుంది. 1967 తరువాత జరిగినదే మళ్ళీ జరుగుతుంది. కొత్త కాలువల ఊట, మురుగు మరిన్ని వాగులలోకి చేరతాయి. మరిన్ని ఇంజన్లు దిగుతాయి. ఈసారి కూడా కొలవకుండా వదిలేస్తే నీరు వచ్చిన చోట చవుడు, రాని చోట తగవు మిగులుతాయి.

మరొక అభ్యంతరం ఇంతకంటే బలమైనది. లెక్క మొదలైతే చివరకు నష్టపోయేది కౌలు రైతే కదా అని. భూమి యజమానికి పత్రం ఉన్నది, కౌలుదారుకు లేదు. ఇంజన్ల నమోదు జరిగితే పేరు ఎవరిది ఎక్కుతుంది? ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. నమోదు పొలం పేర కాక ఇంజను పేర జరగాలి. ఇంజను నడిపేవాడే సభ్యుడు కావాలి. సంఘానికి మొదటి కొన్నేళ్ళు కొలిచే అధికారం తప్ప ఆపే అధికారం ఉండకూడదు. ఆపే అధికారం ముందుగా ఇస్తే కొలతలు దొంగలెక్కలవుతాయి.

విశ్వవిద్యాలయ పరిశోధన వ్యవస్థ తన వంతుగా చేయవలసిన మార్పు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, దర్శి కృషి విజ్ఞాన కేంద్రం ఈ పరీవాహకానికి అందుబాటులోనే ఉన్నాయి. మిరప పరిశోధన ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నందున వారిని కూడా కలుపుకోవాలి. ఇప్పుడు పొలంలో జరుగుతున్న ప్రదర్శన క్షేత్రాలు ఒక్కొక్క ఎకరానికి దిగుబడి చూపుతున్నాయి. వాటికి బదులు ఒకే చిన్న వాగు పరీవాహకంలోని పొలాలన్నిటినీ కలిపి ఒక ప్రదర్శనగా చేయవచ్చును. వాలుకు అడ్డంగా సాళ్ళు, నాలుగైదు సాళ్ళకొక గొడ్డుచాలు, వాగు గట్టున పది మీటర్ల పచ్చిక పట్టీ, మిరప మురుగు నేరుగా వాగులో పడకుండా నడుమ ఒక గుంట, డ్రిప్పు ద్వారా తగ్గించిన ఎరువు మోతాదు. వీటిలో ఏ ఒక్కటీ కొత్తది కాదు. అన్నీ ఒకే వాగు మీద ఒకేసారి చేసి, ఆ వాగు అంతకు ముందుకన్న ఎన్ని దినాలు ఎక్కువ పారిందో కొలవడమే కొత్తది. ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళు అన్న పట్టికకు పక్కనే వాగు ఎన్ని దినాలు అన్న పట్టిక కూడా అచ్చు కావాలి.

పరికరాల కోసం ఆగవలసిన పనీ లేదు. ఈ వాగులను దాటే గ్రామీణ రోడ్లపై చప్టాలు ఉన్నాయి. చప్టా వెడల్పు స్థిరం. దాని మీదుగా పారే నీటి లోతు తెలిస్తే ప్రవాహాన్ని రమారమి లెక్కకట్టవచ్చును. గోడకు ఒక స్కేలు గుర్తు వేసి, రోజూ ఉదయం ఒకరు చూసి వ్రాస్తే చాలు. పాఠశాల పిల్లలైనా చేయగల పని ఇది. తూములున్న చప్టాలకు లెక్క కొంచెం మారుతుంది, ఆ సూత్రాన్ని వ్యవసాయ ఇంజనీరింగు విభాగం ఒక్క పేజీలో ఇవ్వగలదు.

మొదలుపెట్టడానికి చిలకలేరు అనువైనది. పరీవాహకం మరీ పెద్దది కాదు, ప్రత్తి, మిరప రెండూ ఉన్నాయి, సాగర్ కాలువ ఊట ప్రభావమూ ఉన్నది, దర్శి కేంద్రం దగ్గరే ఉన్నది. ఏటా రెండు దఫాలు లెక్క ప్రకటించాలి. మొదటిది ఆగస్టు మూడవ వారంలో, మిరప నారు మడి నుండి పొలానికి చేరకముందు. రెండవది డిసెంబరు రెండవ పక్షంలో, ప్రత్తికి ఇంకొక తడి ఇవ్వాలా, మోళ్ళు పీకాలా అని రైతు తేల్చుకునే సమయాన. ఆ తేదీ దాటి వచ్చిన లెక్క ఎంత ఖచ్చితమైనదైనా నివేదికకు మాత్రమే పనికివస్తుంది. రైతు డీజిలు కొనడానికి బయలుదేరే ముందే ఆ అంకె రైతు సేవా కేంద్రం గోడ మీద ఉండవలెను.